బుల్లెట్టుకు నాలుగు రోజుల స్నానం

మెల్‌బోర్న్‌కు మకాం మారుస్తూ, నాన్న 1986లో కొన్న బుల్లెట్టునూ ఓడ ఎక్కిస్తానని పంతం పట్టాను. ఖర్చు సంగతి సరే, నన్ను అసలు భయపెట్టింది మట్టి. ఆస్ట్రేలియాలో దిగే బండికి మట్టి, గింజ, పురుగు ఏదీ అంటి ఉండకూడదు. మాదేమో మిర్యాలగూడ. రైస్ మిల్లుల మధ్య ఇన్నేళ్లు తిరిగిన బండి! సీటు విప్పితే పిడికెడు ఊక రాలింది. మడ్‌గార్డు లోపల ఎర్రమట్టి పెచ్చులు కట్టింది. పాత టూత్‌బ్రష్షు, వేపపుల్ల పట్టుకుని నాలుగు రోజులు గీకాను. నాన్న అరుగు మీద నుంచి చూసి చూసి, "మన మట్టి వాళ్లకు ఏం చేసింది బిడ్డా?" అన్నారు.

బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లు కొత్తవి వేయించాను. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అక్కడ దానిపై నిషేధం ఉంది. దిగుమతి అనుమతి చేతికి రాకుండా బండిని పంపకూడదు. మొదటి ఏజెంటు మాత్రం "ముందు పంపేద్దాం సార్, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. వింటే కొంప మునిగేది. ఏజెంటునే మార్చాను.

నిన్న పెట్రోలు తీసేసి, బ్యాటరీ తీగలు విప్పి, చెక్కపెట్టెలో బిగించారు. ఆ చెక్కకు కూడా పురుగు చచ్చేలా వేడి చేసినట్టు ముద్ర ఉండాలి, చూశారా!

తీసిన పెట్రోలును నాన్న చుక్క ఒలకకుండా సీసాలో పట్టి, తన మోపెడ్‌లో పోసుకుని మార్కెట్టుకు వెళ్లారు.