ప్యాకేజీ నిర్వచనాన్ని ఏ మాడ్యూల్‌లో ఉంచాలి?

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను నిర్మించి, ఇన్‌స్టాల్ చేసే గ్నూ గీక్స్‌లో ప్రతి ప్యాకేజీనీ స్కీమ్ భాషలో ఒక నిర్వచనంగా రాస్తారు. వాటిని మాడ్యూళ్లుగా, అంటే విడివిడి ఫైళ్లుగా, విభజించేటప్పుడు చాలామంది విషయాన్నే ప్రమాణంగా తీసుకుని, ధ్వనికి సంబంధించినవి ఒకచోట, చిత్రాలకు సంబంధించినవి మరొకచోట పెడతారు. అది అవసరమే కానీ, ఆ నిర్వచనం తన వెంట వేటిని తీసుకువస్తుందో ముందుగా చూడాలని నా దృఢమైన అభిప్రాయం.

ఇక్కడ రెండు రకాల ఆధారాలు (డిపెండెన్సీలు) ఉన్నాయి. ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలు మొదటివి. ఒక మాడ్యూల్ ఫైలు లోడ్ కావడానికి కావలసిన ఇతర మాడ్యూళ్లు రెండోవి. ఒక చిన్న లైబ్రరీ, జీటీకేతో (కిటికీలు, బటన్ల వంటివి చూపించే పెద్ద లైబ్రరీతో) నడిచే ఒక అప్లికేషన్ ఒకే మాడ్యూల్‌లో ఉన్నాయనుకుందాం. ఆ లైబ్రరీ మాత్రమే కావలసిన ఫైలు కూడా జీటీకే మాడ్యూల్‌ను, దాని వెనుక ఉన్నవాటిని చేర్చుకోవలసి వస్తుంది. వాడుకరి కంప్యూటర్‌లో జీటీకే ఇన్‌స్టాల్ కాదు, నిజమే. అయినా లోడ్ అయ్యే సమయం, మెమరీ మాత్రం వృథా అవుతాయి. 'గీక్స్ గ్రాఫ్' ఆదేశానికి మాడ్యూల్ రకాన్ని ఇస్తే ఈ అల్లిక అంతా కళ్లకు కడుతుంది.

రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి చేర్చుకున్నా గీక్స్ సాధారణంగా తట్టుకుంటుంది, ఎందుకంటే ప్యాకేజీ ఇన్‌పుట్లను, అంటే దానికి కావలసిన ఇతర ప్యాకేజీలను, లోడ్ సమయంలో కాక, ఎవరైనా అడిగినప్పుడే లెక్కిస్తుంది. వేరే ప్యాకేజీ నుంచి వారసత్వం తీసుకునే, అంటే దాన్నే మూలంగా చేసుకుని కొన్ని మార్పులు చేసే, నిర్వచనాల సంగతి అలా కాదు. మూల ప్యాకేజీ విలువ లోడ్ సమయానికే సిద్ధంగా ఉండాలి కాబట్టి, వలయం మధ్యలో చిక్కుకుంటే ఆ పేరు ఇంకా నిర్వచితం కాలేదన్న లోపం వస్తుంది. అందుకే మూల ప్యాకేజీని, దాని రూపాంతరాలను ఒకే మాడ్యూల్‌లో ఉంచడం మేలు.

మొదటి రకం ఆధారాలను మాడ్యూళ్లు మార్చి తగ్గించలేం. వాటికి ప్యాకేజీనే విడగొట్టాలి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ ఇందుకు మంచి ఉదాహరణ: మెయిల్‌లో ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపే భాగాన్ని, అలాంటిదే అయిన సబ్‌వర్షన్‌తో కలిపే భాగాన్ని వేర్వేరు అవుట్‌పుట్లుగా, అంటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకోగల భాగాలుగా, ఉంచడం వల్ల, అవి అక్కరలేనివారు వాటి బరువు మోయనక్కరలేదు. ఎంత తగ్గిందో 'గీక్స్ సైజ్' చూపిస్తుంది.

నిర్వచనంలో ఒక్క మాట కూడా మార్చకుండా దాన్ని వేరే మాడ్యూల్‌కు తరలిస్తే, సాధారణంగా ప్యాకేజీని మళ్లీ నిర్మించనక్కరలేదు; నిర్మాణానికి ఇచ్చే సమాచారం మారదు కదా. అయితే పాత చోటును నమ్ముకున్న ఛానెళ్లు, అంటే గీక్స్‌కు బయట ఇతరులు నడిపే ప్యాకేజీ సంకలనాలు, పనిచేయకుండా పోతాయి. వాటి కోసం పాత మాడ్యూల్ నుంచే ఆ పేరును మళ్లీ ఎగుమతి చేస్తే, పాతది కొత్తదాన్ని చేర్చుకోవాలి కాబట్టి, తెంచిన ముడి తిరిగి పడుతుంది. ఆ ఏర్పాటును పాతబడినదిగా ప్రకటించి, గడువు చెప్పి తీసివేయాలి.