లంకమల పొదల్లో మూడు రాత్రులు

సిద్దవటం దాటి బద్వేలు వైపు వెళ్ళే దారిలో ఎడమచేతి వైపు లంకమల కొండలు కనిపిస్తూనే ఉంటాయి. బస్సులో ఎన్నోసార్లు ఆ దారిన పోయిన నాకు ఆ కొండలంటే ఎర్రచందనమే గుర్తుకొచ్చేది. మొన్న జనవరిలో, అటవీశాఖ అనుమతితో వెళ్ళిన ఒక చిన్న సర్వే బృందంలో మొక్కలు గుర్తించే పని నాకు అప్పగించారు. మేము వెళ్ళింది కొండల మీదికి కాదు, వాటి పాదాల దగ్గర పరచుకొని ఉన్న ముళ్ళపొదల నేలకు. దూరం నుంచి చూసేవారికి అది పనికిరాని బీడులా కనిపిస్తుంది. కలివికోడి బతికిన నేల అదే.

ఈ పక్షి కథ కడప జిల్లాలో చాలామందికి తెలిసినదే అయినా, అక్కడ నిలబడి తలచుకున్నప్పుడు కొత్తగా అనిపించింది. థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దీన్ని మొదట కనుగొన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనే శాస్త్రజ్ఞులు నిర్ధారించుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడికి ఒక పక్షి ప్రాణాలతో దొరకగా, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అది ఆ పక్షేనని గుర్తించారు. రెండేళ్ళకు, 1988లో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి కోసమే మార్చవలసి వచ్చింది. పిడికెడంత పక్షికి అంత కథ అవసరమా అని అడిగినవారు మా ఊళ్ళోనూ ఉన్నారు. అవసరమేనని నా నమ్మకం.

మొదటిరోజు ఉదయం నుంచి పొదల లెక్క మొదలుపెట్టాం. ఒక కర్ర పాతి, దానికి తాడు కట్టి, పది మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులోని ప్రతి పొదనూ పేరుతో, ఎత్తుతో, కొమ్మల విస్తీర్ణంతో రాసుకోవాలి. కలివికోడి మరీ చిక్కటి అడవిలోనూ ఉండదు, బొత్తిగా బయలులోనూ ఉండదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటును అది ఎక్కువగా ఇష్టపడుతుందని ఇదే ప్రాంతంలో జరిగిన పరిశోధనలో తేలింది. అంటే మా వృత్తంలో సుమారు 9 నుంచి 22 పెద్ద పొదలు ఉండాలి. వినడానికి తేలికైన లెక్కే గాని, రేగు, చండ్ర, బలుసు, కలివి కలగలిసి అల్లుకున్న చోట ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికే గంటలు పట్టింది.

అక్కడే నేనొక పొరపాటు చేశాను. ఎదురెదురు ఆకులు, ఎదురెదురు ముళ్ళు ఉన్న ఒక లేత పొదను చూసి బలుసు అని రాసేశాను. మాకు దారి చూపడానికి వచ్చిన పెద్దాయన, పక్క ఊరి గొర్రెల కాపరి, నా పుస్తకంలోకి తొంగిచూసి, "అది బలుసు కాదు సార్, కలివి. ఆకు తుంచి చూడు" అన్నాడు. తుంచితే కాడ దగ్గర తెల్లటి పాలు చుక్కలా ఉబికి, వేలికి జిగురుగా అంటుకున్నాయి. పక్కనే ఉన్న బలుసు ఆకును కూడా తుంచి చూపించాడు. దానికి పాలు లేవు. గన్నేరు కుటుంబానికి చెందిన కలివికి పాలుంటాయని నేను ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణే. పుస్తకంలో చదివినది నేలమీద గుర్తుకు రాలేదు. ఆ గంటలో అప్పటివరకు నింపిన నాలుగు వృత్తాల దగ్గరికీ వెనక్కి వెళ్ళి, బలుసు అని రాసిన ప్రతి పొద ఆకునూ తుంచి చూశాను. మూడు పొదల పేరు మార్చవలసి వచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. పక్షి పేరులోనే దాని చిరునామా ఉంది: కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. సర్వే కాగితంలో శాస్త్రీయ నామానికి ఒక గడి, తెలుగు పేరుకు ఒక గడి ఉన్నాయి. చాలా సర్వేలలో రెండో గడి ఖాళీగానే మిగిలిపోవడం నేను చూశాను. ఆ రోజు నుంచి మాత్రం పెద్దాయన చెప్పిన పేరు ముందు రాసి, ఆ తర్వాతే లాటిన్ పేరు రాయడం మొదలుపెట్టాను. బిల్లుడు, తపసి, ఊడుగ, బండారు, మొర్రి అంటూ ఆయన నోట పేర్లు తడుముకోకుండా వచ్చేవి, ఒక్కో పేరుతో పాటు దానిని మేసే జీవమేదో, ఏ కాలంలో కాయ పండుతుందో కూడా వచ్చేది. జెర్డాన్ తన కాలంలో ఈ పక్షికి స్థానికులు చెప్పిన మరో పేరును కూడా రాసిపెట్టాడు. ఆంగ్ల లిపిలో ఉన్న దాన్ని అడవి ఉత్తతిత్తి అని చదువుకోవచ్చు, అంటే అడవిలోని ఖాళీ సంచి. ఆ పేరు ఎప్పుడైనా విన్నావా అని పెద్దాయనను అడిగితే, కాసేపు ఆలోచించి, వినలేదన్నాడు. అది కూడా రాసుకున్నాను.

సాయంత్రాలు వినడానికి కేటాయించాం. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. పొద్దుగుంకిన సుమారు ముప్పావు గంటకు అరవడం మొదలుపెట్టి, కొద్ది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల వరకు రెండక్షరాల కూతను మళ్ళీ మళ్ళీ పలుకుతుందని దాన్ని విన్నవారు నమోదు చేశారు. అందుకే పొద్దుగుంకగానే దీపాలన్నీ ఆర్పేసి, ఒకరికొకరం వంద అడుగుల దూరంలో కదలకుండా కూర్చున్నాం. చలి నేలలోంచి పైకి వచ్చింది. నైట్‌జార్ టక్‌టక్‌మని అరిచింది, దూరంగా తీతువు ఒకటి ఎగిరి పోయింది, కొండవాలులో ఏదో పెద్ద జంతువు రాళ్ళు దొర్లించింది. మూడు రాత్రులూ నేను వెతికిన కూత వినిపించలేదు. వినిపించకపోయినా ఏ సమయానికి కూర్చున్నామో, ఏ సమయానికి లేచామో, గాలి ఎలా ఉందో, చంద్రుడు ఉన్నాడో లేదో అన్నీ రాశాం. ఎంతసేపు విన్నారో తెలియకుండా లేదు అని రాస్తే ఆ మాటకు విలువ ఉండదు.

రెండో పద్ధతి అడుగుజాడలది. పొదల మధ్య ఖాళీల్లో ఐదు మీటర్ల పొడవున జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని పరచి, సాయంత్రం చదును చేసి వదిలేస్తారు. తెల్లవారగానే, ఎండ వాలుగా పడేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చొని చూడాలి. మొదటి ఉదయం ఒక మట్టిపట్టీ మీద కుందేలు అడుగులు, ఏదుపంది ముల్లు గీసిన సన్నని గీత, నక్షత్ర తాబేలు ఈడ్చుకుంటూ పోయిన దారి కనిపించాయి. రెండో ఉదయం చివరి పట్టీ మీద ముందుకు మూడు వేళ్ళు, వెనక వేలు లేకుండా స్పష్టమైన ఒక పక్షి అడుగు కనబడినప్పుడు మాలో ఎవరమూ మాట్లాడలేదు. తీతువుల అడుగులూ దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి, వేళ్ళ వెడల్పు కొలవకుండా ఏమీ అనకూడదు. కొలపట్టీ పక్కన పెట్టి ఫోటోలు తీశాం, మూడుసార్లు కొలిచాం. వేలు సన్నగా వచ్చింది. తీతువే.

నిరుత్సాహం కలగలేదని అంటే అబద్ధం. ఈ పక్షి గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా ఉండి, చివరికి డి.ఎన్.ఎ. పరీక్షతో గుర్తింపు పొందిందని చదివినప్పుడు, మన నేల పక్షి గుడ్డు అంత దూరాన భద్రంగా ఉండగా దాని పొదలు ఇక్కడ వంటచెరకుగా పోతున్నాయే అని బాధపడ్డాను. కానీ కాపరుల మీదికి తప్పు నెట్టడం న్యాయం కాదు. మందలు కొంత మేయడం వల్లనే ఆ నేల మరీ చిక్కబడకుండా ఉంటుంది. మొత్తం నరికి చదును చేసినప్పుడే పక్షికి చోటు పోతుంది. ఈ తేడా పొదల లెక్కల్లోనే కనిపిస్తుంది. అందుకే పక్షి కనబడని రోజు కూడా వృత్తాలు నింపడం మానలేదు.

మూడో ఉదయం వరకు 26 వృత్తాలు పూర్తి చేశాం. వాటిలో 11 వృత్తాల్లో పెద్ద పొదల సంఖ్య మేము కోరుకున్న హద్దుల్లో ఉంది. ఆ పదకొండింటిలో తొమ్మిదింటిలో కలివి ఉంది. బయలుదేరే ముందు పెద్దాయన చివరి పట్టీ దగ్గర తీతువు అడుగును అరచేత్తో తుడిచేసి, మట్టిని మళ్ళీ చదును చేశాడు. వచ్చే వారం ఇంకో బృందం వస్తుందని, ఆ పట్టీని రోజూ పొద్దున చూసి చెబుతానని అన్నాడు. ఆయనకు కొలపట్టీ ఒకటి, తేదీలు రాసిన కాగితాలు కొన్ని ఇచ్చి వచ్చాం.