కొత్త రహదారుల నక్షాల్లో సైకిలుకు చోటు

నెల్లూరు నుంచి ఒంగోలు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద కారులో వెళ్లేవారికి సైకిళ్లు పెద్దగా కంటపడవు. ఉదయం పూట సర్వీసు రోడ్డు మీద నిలబడి చూస్తే మాత్రం రొయ్యల చెరువుల పనికి పోయే కూలీలు, వెనుక క్యారియరుకు పాలక్యాన్లు కట్టుకున్నవారు, ఆ తరువాత హైస్కూలు పిల్లలు ఒకరి వెనుక ఒకరు పోతూనే ఉంటారు. ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు పంచింది. సైకిలు చేతికి వచ్చింది గానీ, దానిమీద నిర్భయంగా బడికి చేరే దారి రాలేదు. అందుకే కొత్త రహదారుల నక్షాల్లోనే సైకిలుకు వేరుగా ఒక దారి ఉండాలంటున్నాను.

సర్వీసు రోడ్డు ఉండగా వేరే దారి ఎందుకని ఇంజినీర్లు అడుగుతారు. అది ఊరి పొడవునా బాగానే ఉండి, అసలు అవసరమైన చోట, అంటే కాలువ మీదో వాగు మీదో వంతెన వచ్చిన చోట, ఆగిపోతుంది. అక్కడ తారు అంచు మట్టిలో కలిసిపోతుంది, ఒక పక్క ఇనుప రెయిలింగు, మరో పక్క తుమ్మకంప. సైకిలు మీది మనిషి దిగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వేగం అనుమతించిన ప్రధాన రోడ్డు అంచునే దాన్ని తోసుకుంటూ వంతెన దాటుతాడు. ఇక కోతల కాలంలో సర్వీసు రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకు పోతుంది. కల్లాలు లేని రైతు మరెక్కడ ఆరబోస్తాడు? మిగిలిన సగంలో లారీలు నిలిచి ఉంటాయి, రాంగ్ రూట్లో మోటారు సైకిళ్లు ఎదురొస్తాయి.

ఇది కొత్త కోరికేమీ కాదు. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ దారుల మీద 1962లోనే ప్రమాణాలు ప్రచురించింది, 2015లో వాటిని సవరించింది. దారి కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలని, గంటకు 200కు మించి మోటారు వాహనాలు తిరిగే రోడ్డు మీద గంటకు 100 సైకిళ్లు పోతున్నా ప్రత్యేక దారి సమంజసమేనని ఆ మొదటి ప్రమాణాలే చెప్పాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇటావా నుంచి ఆగ్రా దాకా 200 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారిని 2016లో ప్రారంభించారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల దారి తెరిచారు. చూడముచ్చటైనదే, కానీ అది ప్రధానంగా వ్యాయామానికి తొక్కేవారిది. మన దగ్గర సైకిలు పొట్టకూటి వాహనం.

అందుకే జిల్లా ఈ కొస నుంచి ఆ కొస దాకా దారి వేయమని నేను అడగను. నిర్జన ప్రాంతంలో వేసిన దారిని రెండేళ్లలో కంప కమ్మేస్తుంది. ప్రతి ఊరికీ రెండు వైపులా మూడు నాలుగు కిలోమీటర్ల మేర, మధ్యలో వచ్చే ప్రతి వంతెన మీదా తెగకుండా ఉంటే చాలు. 60 మీటర్ల వెడల్పున భూమి సేకరించే రహదారిలో 2 మీటర్లు దొరకకపోవు. వంతెన పూర్తయ్యాక దాన్ని వెడల్పు చేయడమంటే మళ్లీ పునాదులు, మళ్లీ టెండర్లు. కాబట్టి ఈ దారి నక్షా దశలోనే చేరాలి.

ప్రకాశం జిల్లా మీదుగా వచ్చే బెంగళూరు–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ (పాత రోడ్డును వెడల్పు చేయకుండా కొత్త భూమిలో వేసే) రహదారి సంగతి కొంచెం వేరు. నిర్ణీత చోట్ల మాత్రమే ఎక్కి దిగే వీలుండే, అంటే ప్రవేశ నియంత్రణ ఉన్న, అలాంటి రోడ్డు మీదికి సైకిలును రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అక్కడ చూడవలసినది ఊరికీ పొలానికీ మధ్య వేసే అండర్‌పాసులు ఎంత దూరానికొకటి ఉన్నాయి, వానకాలంలో వాటిలో నీరు నిలుస్తుందా, ఒక అండర్‌పాసు నుంచి మరొకదానికి పక్కదారి ఉందా అన్నవి.

కొత్త జాతీయ రహదారులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు కాలుష్య నియంత్రణ మండలి జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అక్కడ నష్టపరిహారం మాటే ఎక్కువగా వినపడుతుంది, అది న్యాయమే. దానితోపాటు ఫలానా కాలువ మీది వంతెనకు సైకిల్ దారి కావాలని ఊరి పేరుతో, కాలువ పేరుతో ఎవరైనా రాసిచ్చినా దాన్ని నమోదు చేసుకోవలసిందే.