సూట్‌కేసులో కాల్షియం డబ్బాలు

సెలవు మీద గుంటూరు బయల్దేరే సూట్‌కేసులో చాక్లెట్ల పక్కనే రెండు కాల్షియం డబ్బాలుంటాయి. బ్రిటన్‌లో పెద్దవాళ్ల వార్డుల్లో నర్సులుగా చేసే మాబోటివాళ్లమూ పట్టుకెళ్తాం. డబ్బా మీద చూడాల్సింది పెద్దంకె కాదు. 1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. ఒక్క పూటకి అంతకు మించి వేస్తే ఒంటికి పట్టే వాటా తగ్గుతుంది. కార్బొనేట్ అన్నం తిన్నాకే వేసుకోవాలి. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే ఆ మాత్ర సరిగా పని చెయ్యదు. రెండింటికీ నాలుగు గంటల ఎడం కావాలి. చలికాలంలో ఇక్కడ ఎనిమిదింటికి నైట్ డ్యూటీ దిగేసరికి అక్కడ ఒంటిగంటన్నర, అమ్మ భోజనం అయ్యే వేళ. ఫోన్‌లో ఉండగానే వేయించెయ్యొచ్చు.

అసలు డబ్బా కావాలా అన్నది వంటింటి లెక్క. ముట్లు ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మి.గ్రా. అవసరం. పావు లీటరు పాలు రెండుసార్లు తాగితే 600. యాభై గ్రాముల రాగిపిండి జావకి 170 పైన, కప్పు గట్టి పెరుగుకి 150, పొట్టు తియ్యని నువ్వులు పది గ్రాములకి వంద పైన. మిగతాది పప్పూ కూరలూ చూసుకుంటాయి. నీళ్లలాంటి మజ్జిగని లెక్కలో వెయ్యకండి. గుంటూరువాళ్లతో అనకూడదు గానీ, గోంగూరలో కాల్షియాన్ని అందులోనే ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు కొంతవరకు ఒంటికి పట్టకుండా కట్టేస్తాయి. ఊరగాయ ఉప్పు ఎక్కువైతే ఉన్న కాల్షియంలో కొంత మూత్రంలో పోతుంది.

60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి రాస్తారు. రోజూ వేసుకునేవాళ్లున్నారు! రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, తికమక మొదలవుతాయి. ఒక వారం పేరు ఖాయం చేసి, కవరు మీద రాయించండి.

ఎముక ఎంత గుల్లబారినా, తుంటి విరిగేది ఎక్కువగా పడినప్పుడే. లేవగానే బీపీ పడిపోతుందేమో చూడ్డానికి వార్డులో మేం చేసే పరీక్షకి ఇంట్లో బీపీ మిషన్ చాలు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూడాలి. లేచి నిలబడిన నిమిషంలోపు ఒకసారి, మూడో నిమిషానికి మరోసారి చూడాలి. పక్కన మనిషి ఉండాలి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకి చెప్పి బీపీ మందు, ప్రోస్టేట్ మందు సరిచూపించాలి. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే మంచం అంచున కాసేపు కూర్చుని కదలమనండి. గుంటూరు బ్రాడీపేట అపార్ట్‌మెంట్ల నున్నటి టైల్స్ మీద తడి కాళ్లు నిలవవు. సెలవులో ఉన్నప్పుడే కమోడ్ పక్కన గోడకి స్టీలు రాడ్ బిగించాలి. తువాలు వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు.

ఇంతా చేసి విరిగితే, ఇక్కడ 36 గంటల్లోపు ఆపరేషన్, మర్నాడే వాకర్‌తో నిలబెట్టడం లక్ష్యం. మనవైపు చుట్టాలు "మంచం దిగనివ్వకండి" అంటారు. అలా పడుకోబెడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. ఫోన్‌లో సర్జన్‌ని అడగాల్సినవి రెండే: పూర్తి బరువు మోపవచ్చా, ఫిజియో ఏ రోజు నుంచి వస్తారు.