వోల్వో 240లో క్లచ్ తీసేసి ఆటోమేటిక్ బిగించడం: ఇప్పటిదాకా జరిగిన పని

మా కారు 1991 నాటి వోల్వో 240. బి230ఎఫ్ ఇంజిను, ఎల్‌హెచ్ 2.4 ఇంధన వ్యవస్థ, ఎం47 అనే ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్. దీన్ని నేనూ మా అన్నయ్యా నడుపుతాం. ఎడమ మోకాలికి శస్త్రచికిత్స అయ్యాక ఆయన క్లచ్ తొక్కే అవకాశం లేకుండా పోయింది. వేరే కారు కొనుక్కోమని చాలామంది సలహా ఇచ్చారు. ఈ కారునే ఆయన మళ్లీ నడపాలన్నది నా పట్టుదల.

ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టుకున్నవారి అనుభవాలు ఎన్నో దొరుకుతాయి. మాన్యువల్ తీసి ఆటోమేటిక్ పెట్టినవారు తక్కువ. అందుకే కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి: గేర్‌బాక్స్ ఎక్కించడం ఈ పనిలో చిన్న భాగం. దాని చుట్టూ అమరే ప్లేట్లు, గొట్టాలు, కేబుళ్లు, బోల్టులు సరిగ్గా కుదరడమే అసలు పని.

సామాను సమకూర్చుకోవడం

విడి గేర్‌బాక్స్ కొనవద్దని నా గట్టి సలహా. నేను 1989 తర్వాతి 240 ఒకటి, ఏడబ్ల్యూ70 ఆటోమేటిక్ ఉన్నది, బాడీ తుప్పు పట్టి మూలపడినదాన్ని మొత్తంగా తీసుకున్నాను. దాన్నుంచి వచ్చినవి: టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిలు ద్వారా ఇంజిను బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించేది), ఫ్లెక్స్‌ప్లేట్ (ఫ్లైవీల్ బదులు క్రాంక్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉండే పలుచటి ప్లేటు), దానికి ముందూ వెనుకా ఉండే బలపు ప్లేట్లు, ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే పలుచటి రేకు, గేర్‌బాక్స్‌ను మోసే క్రాస్‌మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు వెళ్లే కడ్డీ) ముందు సగం, ఆయిలు గొట్టాలు, రేడియేటర్, డిప్‌స్టిక్ గొట్టం, సెలెక్టర్ లివర్, దాని కడ్డీలు, కిక్‌డౌన్ కేబుల్, థ్రాటిల్ దగ్గర ఆ కేబుల్‌ను పట్టుకునే బ్రాకెట్, వెడల్పాటి బ్రేక్ పెడల్, ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) రిలే, వైర్లు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా పని ఆగుతుంది. విడివిడిగా వెతకాలంటే ఒక్కో బ్రాకెట్ కోసమూ వారాలు పడుతుంది. షాఫ్ట్ విషయంలో ఇది మరీ నిజం. గేర్‌బాక్స్‌ను బట్టి దాని పొడవు మారుతుంది. ఒకే కారు నుంచి తీస్తే పొడవు గురించీ ఫ్లాంజి గురించీ దిగులు ఉండదు.

గేర్‌బాక్స్ నేల మీద ఉన్నప్పుడే ఆయిలు పాన్ విప్పాను. అడుగున సన్నటి బూడిదరంగు పొర మాత్రమే ఉంది, లోహపు తునకలు లేవు. కాలిన వాసన కూడా లేదు. ఆ రెండూ చూశాకే మిగతా పనికి దిగాను. వలలాంటి ఫిల్టరును కడిగి, పాన్ గ్యాస్కెట్, ముందు పంపు సీలు, వెనుక సీలు కొత్తవి వేశాను. కారు కిందికి వెళ్లాక ముందు పంపు సీలు మార్చాలంటే మొత్తం మళ్లీ దించాల్సిందే.

పాత గేర్‌బాక్స్ దించడం

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కారు నాలుగు స్టాండ్ల మీద సమంగా, కదలకుండా నిలబడాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. బెల్‌హౌసింగ్ (ఇంజినుకు ఆనే గేర్‌బాక్స్ ముందు భాగం) పై బోల్టులకు పొడవాటి ఎక్స్‌టెన్షన్లు కావాలి. ఇంజిను వెనక్కి వాలితేనే అవి అందుతాయి. వాల్చే ముందు పైన ఉన్న క్రాంక్ సెన్సరును విప్పి పక్కన పెట్టాలి, హీటర్ గొట్టాలు లాగుడు పడకుండా చూసుకోవాలి.

క్లచ్, ఫ్లైవీల్ వచ్చేశాక క్రాంక్‌షాఫ్ట్ చివర గుంటలో చిన్న పైలట్ బేరింగు కనిపిస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కు అది ఆధారం. ఆటోమేటిక్‌కు దాని అవసరం లేదు, తీసేయాలి. అదే సందర్భంలో క్రాంక్ వెనుక సీలు కూడా మార్చాను.

ఫ్లెక్స్‌ప్లేట్: ఏ దిక్కున బిగించాలి

ఈ పనిలో చాలామందికి తెలియక ఇంజిను స్టార్ట్ కాకుండా ఆగిపోయే చోటు ఇదే. ఎల్‌హెచ్ 2.4 ఉన్న ఇంజిన్లలో క్రాంక్ సెన్సరు చదివేది ఫ్లైవీల్ అంచు వెంట ఉన్న రంధ్రాల వరసను. 60 చోట్లలో రెండింట రంధ్రం ఉండదు. ఆ ఖాళీని బట్టే జ్వలన వ్యవస్థ క్రాంక్ ఎక్కడుందో లెక్కగడుతుంది. ఆటోమేటిక్ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ అదే వరస ఉండాలి. పాత వ్యవస్థల నుంచి వచ్చిన ప్లేటు బోల్టులకు సరిపోయినా సెన్సరుకు పనికిరాదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. క్రాంక్‌కు ఎనిమిది బోల్టులు సమాన దూరంలో ఉంటాయి. అంటే ప్లేటు ఎనిమిది రకాలుగా కూర్చుంటుంది, అందులో ఒక్కటే సరైనది. తప్పితే కనీసం 45 డిగ్రీలు తప్పుతుంది, ఇంజిను నడవదు. నేను ఫ్లైవీల్ విప్పక ముందే ఒకటో సిలిండరును పై స్థానానికి తెచ్చి, రంధ్రాల ఖాళీ ఎక్కడుందో ఇంజిను బ్లాకు మీద రంగుతో గుర్తు పెట్టాను. ఫ్లెక్స్‌ప్లేట్ ఖాళీని ఆ గుర్తుకే కలిపి బిగించాను. ఆ మధ్యలో క్రాంక్ కదలకూడదు.

మాన్యువల్ ఫ్లైవీల్ మందం వేరు, ఫ్లెక్స్‌ప్లేట్ మందం వేరు. కాబట్టి పాత బోల్టులు వాడకూడదు. ఆటోమేటిక్‌కు సంబంధించిన పొడవున్న కొత్త బోల్టులు, వాటి మరలకు లాకింగ్ ద్రవం, టార్క్ రెంచ్‌తో 70 న్యూటన్-మీటర్లు.

టార్క్ కన్వర్టర్ కూర్చోబెట్టడం

మొత్తం పనిలో నేను అన్నిటికంటే నెమ్మదిగా, ఓపిగ్గా చేసింది ఇది. కన్వర్టర్ గేర్‌బాక్స్ లోపల మూడు చోట్ల కలవాలి: టర్బైన్ షాఫ్ట్ గాళ్లు, స్టేటర్ గాళ్లు, చివరగా పంపును తిప్పే గాడి. మొదటి రెండూ కుదిరేసరికి అది పూర్తిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. కూర్చోదు. మెల్లగా తిప్పుతూ లోపలికి నొక్కుతూ ఉంటే మూడోసారి కూడా లోపలికి జారిన స్పర్శ చేతికి తెలుస్తుంది. అంతకు ముందే కన్వర్టర్‌లో లీటరుకు పైగా ఆయిలు పోసి పెట్టుకోవాలి, లేకపోతే మొదటి క్షణాల్లో పంపు పొడిగా తిరుగుతుంది.

బెల్‌హౌసింగ్ ముఖం మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి కన్వర్టర్ ఎంత లోపలికి ఉందో చూశాను. గేర్‌బాక్స్‌ను ఇంజినుకు ఆనించినప్పుడు బెల్‌హౌసింగ్ చేతి బలంతోనే బ్లాకుకు చుట్టూ అంటుకోవాలి. సందు మిగిలిందంటే కన్వర్టర్ పంపులోకి దిగలేదని అర్థం. అప్పుడు బోల్టులతో లాగితే పంపు పగులుతుంది. అంటుకున్నాక కూడా కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. దాన్ని కొన్ని మిల్లీమీటర్లు ముందుకు లాగితేనే ఫ్లెక్స్‌ప్లేట్‌ను తాకాలి. నాకు సుమారు మూడు మిల్లీమీటర్లు వచ్చింది. ఆ సందు చూశాక మనసు కుదుటపడింది. ఆ తర్వాత కింది కిటికీలోంచి, క్రాంక్‌ను ముందు పుల్లీ బోల్టుతో తిప్పుతూ, కన్వర్టర్ బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో పట్టించి, అన్నీ పట్టాకే బిగించాను.

క్యాబిన్‌లో పని

క్లచ్ పెడల్, కేబుల్ తీసేసి, కేబుల్ దూరిన రంధ్రాన్ని రబ్బరు మూతతో మూశాను. వెడల్పు బ్రేక్ పెడల్ బిగించాను. ఇక్కడ భద్రతకు సంబంధించిన మాట ఒకటుంది: క్లచ్‌కు అలవాటైన ఎడమకాలు, కారు ఆపే సమయంలో దానంతట అదే వెళ్లి వెడల్పు బ్రేకును బలంగా తొక్కేస్తుంది. రద్దీలోకి వెళ్లే ముందు ఖాళీ స్థలంలో, ఎడమపాదం వెనక్కి పెట్టుకుని బాగా అలవాటు చేసుకోవాలి.

మాన్యువల్ కారులో తాళం నుంచి స్టార్టర్‌కు వైరు నేరుగా వెళ్తుంది. ఆటోమేటిక్‌లో అది సెలెక్టర్ దగ్గరున్న స్విచ్ గుండా పోవాలి. ఈ మెట్టును వదిలేసినా కారు నడుస్తుంది, కానీ గేరులో ఉండగానే ఇంజిను స్టార్ట్ అయి కారు దూకుతుంది. కాబట్టి దీన్ని వదలడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. లివర్ కడ్డీ సర్దాక ప్రతి స్థానంలోనూ తాళం తిప్పి చూశాను: పి (పార్క్), ఎన్ (న్యూట్రల్) స్థానాల్లో మాత్రమే స్టార్టర్ పలికింది. రివర్స్‌లో మాత్రమే వెనుక తెల్ల దీపాలు వెలిగాయి.

స్పీడోమీటర్ విషయంలో ఏ పనీ చేయనక్కర్లేకపోయింది. 1986 తర్వాతి 240ల్లో వేగం సంకేతం గేర్‌బాక్స్ నుంచి కాక వెనుక యాక్సిల్ మూత మీది సెన్సరు నుంచి వస్తుంది.

ఆయిలు, చల్లబరిచే గొట్టాలు

మా పాత రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిలు చల్లబరిచే భాగం లేదు. ఆటోమేటిక్ కారు రేడియేటర్‌నే వేశాను. దాన్నీ గొట్టాలనూ ద్రావకంతో, తర్వాత శుభ్రమైన ఆయిలుతో కడిగాకే కలిపాను. గొట్టాల నట్లు విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి. ఒకటి గేర్‌బాక్స్ వైపు నట్టును కదలకుండా పట్టుకోవడానికి.

ఆయిలు డెక్స్‌రాన్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల ఆయిలు) రకం. మొత్తం పొడిగా ఉంటే సుమారు ఏడున్నర లీటర్లు పడుతుంది. అంతా ఒకేసారి పోయకూడదు. నాలుగు లీటర్లు పోసి ఇంజిను స్టార్ట్ చేసి, ఐడిల్‌లో నడుస్తుండగా డిప్‌స్టిక్ గొట్టంలోంచి కొద్దికొద్దిగా కలిపాను. బ్రేకు తొక్కి లివర్‌ను ప్రతి స్థానంలోనూ కాసేపు ఉంచి, మళ్లీ పి లోకి తెచ్చి, ఇంజిను నడుస్తుండగానే మట్టం చూడాలి. చల్లగా ఉన్నప్పటి గుర్తు వేరు, వేడెక్కినప్పటి గుర్తు వేరు. తుది మాట వేడి గుర్తుదే.

కిక్‌డౌన్ కేబుల్

దీని పేరు వల్ల ఇది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు దించడానికే అని అనుకుంటారు. ఏడబ్ల్యూ70లో దీని పని అంతకంటే ఎంతో పెద్దది. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో గేర్‌బాక్స్‌కు తెలిపేది ఇదొక్కటే. గేర్లు ఎప్పుడు మారాలో, లోపలి క్లచ్‌లను ఎంత ఒత్తిడితో పట్టి ఉంచాలో దీన్ని బట్టే నిర్ణయమవుతుంది. కేబుల్ వదులుగా ఉంటే గేర్లు ముందుగానే మెత్తగా మారుతూ హాయిగానే అనిపిస్తుంది. లోపల మాత్రం ఒత్తిడి చాలక క్లచ్ పలకలు జారి కాలిపోతాయి. అందుకే రోడ్డెక్కక ముందే దీన్ని సర్దాలి.

ఐడిల్‌లో కేబుల్ మీది చిన్న లోహపు గుండుకూ, తొడుగు చివరకూ మధ్య ఒక మిల్లీమీటరు లోపు సందు ఉండాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే కేబుల్ సుమారు 50 మిల్లీమీటర్లు బయటికి రావాలి. ఇంజిను ఆపి, అన్నయ్యను కూర్చోబెట్టి పెడల్ అడుగంటా తొక్కించి కొలిచాను. చేత్తో థ్రాటిల్ లాగి కొలిస్తే, పెడల్ దగ్గర ఏదైనా లోటుంటే బయటపడదు.

రోడ్డు మీద

మొదటి మూడు గేర్లు తడబాటు లేకుండా మారాయి. నాలుగోది, అంటే ఓవర్‌డ్రైవ్, రాలేదు. ఈ గేర్‌బాక్స్‌లో ఎడమపక్కనున్న సాలినాయిడ్‌కు (విద్యుత్తుతో పనిచేసే వాల్వుకు) 12 వోల్టులు అందుతుంటేనే నాలుగో గేరు వస్తుంది. అక్కడ కరెంటు లేదు. రిలే పెట్టె తెరిచి చూస్తే లోపలి పలక మీద టంకం చీలి ఉంది. వయసు మీద పడిన ఈ రిలేలకు అది అందరూ ఎరిగిన జబ్బే. టంకం కొత్తగా వేశాక నాలుగో గేరు వచ్చింది. అన్నయ్య ఇప్పుడు కారు తనే తీసుకెళ్తున్నారు. నాకు కావలసింది అదే.

అయితే పని పూర్తి కాలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగిసలాట ఎక్కువ. కారణం లెక్క వేస్తే తెలిసింది. మా యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.31, ఆటోమేటిక్ కారుది 3.73. ఈ అంకె తగ్గేకొద్దీ ఇంజిను మీద బరువు పెరుగుతుంది. ఎం47లో ఐదో గేరు 0.82, యాక్సిల్‌తో కలిపి 2.71. ఏడబ్ల్యూ70లో నాలుగో గేరు 0.69, అదే యాక్సిల్‌తో 2.28 మాత్రమే. ఇంజినుకు ఆ బరువు ఎక్కువ. 3.73తో అయితే 2.57 వస్తుంది, పాతదానికి దగ్గర. బయలుదేరేటప్పుడు కూడా అంతే: మొదటి గేరు 4.03 నుంచి 2.45కు పడిపోయింది. కన్వర్టర్ ఆ క్షణంలో టార్క్‌ను ఇంచుమించు రెట్టింపు చేయడం వల్ల ఆ లోటు బయటికి తెలియడం లేదు, అంతే.

తర్వాతి పని

ఆటోమేటిక్ కారు వెనుక యాక్సిల్‌ను మొత్తంగా మార్చబోతున్నాను. దించే ముందు మూత తెరిచి వేగం సెన్సరు చదివే రింగు పళ్లు లెక్కపెట్టాలి. 12 పళ్లదీ 48 పళ్లదీ రెండు రకాలున్నాయి. మనదానికి సరిపోలకపోతే స్పీడోమీటర్ తప్పు చూపుతుంది. ఆ మూత గ్యాస్కెట్, యాక్సిల్ సీళ్లు, వెనుక బ్రేకు గొట్టాలు ముందే తెచ్చి పెట్టాను. గేర్‌బాక్స్ ఆయిలు కూడా అదే సమయంలో ఒకసారి పాన్ మేరకు మార్చి, అడుగున ఏం చేరిందో చూడాలి.