మేకలు తిన్న బాణం గుర్తు

పోయిన జూన్‌లో మా బాబును స్కౌట్స్‌లో చేర్పించడానికి పోయినప్పుడు నా లెక్క ఒక్కటే. ఆదివారం పొద్దున రెండు గంటలు వాడి చేతిలో ఫోన్ ఉండదు, నేను నిమ్మళంగా బ్లౌజులు కట్ చేసుకోవచ్చు. హన్మకొండ నయీంనగర్‌లో నాది చిన్న టైలరింగ్ షాపు. ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.

నేను టైలర్నని తెలియగానే స్కౌట్ మాస్టర్ సార్, "అమ్మా, కొత్త పిల్లలకు స్కార్ఫులు కుట్టిస్తారా?" అన్నారు. పదహారు. త్రికోణం, రెండు వైపులా డెబ్బై నుంచి ఎనభై సెంటీమీటర్లు ఉండాలి. డెబ్బై ఐదు చదరపు ముక్కను మూల నుంచి మూలకు కోస్తే రెండు వస్తాయి, ఇదెంత పని అనుకున్నా. కానీ పొడుగు అంచు మొత్తం క్రాస్ మీద పడుతుంది. కుట్టేటప్పుడు కొంచెం లాగామా, గుడ్డ సాగి అంచు అలలు అలలుగా లేస్తుంది. ఇరవై ఏళ్ల నుంచి మెషిన్ తొక్కుతున్నదాన్ని, మొదటి స్కార్ఫు పాడు చేశా. దాన్ని మా వాడికే ఇచ్చా. మిగతావి లాగకుండా, బట్టను దాని మానాన పోనిస్తూ కుట్టా.

అట్లా వాడితోపాటు నేనూ లోపలికి పోయినట్టయింది. నెల తిరగకుండానే పాప "నేనూ వస్తా" అని ఏడుపు. దానికి ఎనిమిదేళ్లు కాబట్టి బుల్‌బుల్, అంటే చిన్న ఆడపిల్లల జట్టు. పదేళ్లు నిండితే గైడ్. కాజీపేట రైల్వేలో షిఫ్టులు చేసే మా ఆయన ఆదివారం పడుకుందామని చూస్తాడు గానీ, జెండా కర్రకు గుంత తవ్వడానికి మనిషి కావాలని పిలిస్తే కాదనలేడు.

ఇంట్లో మొదటి గొడవ మాత్రం చేతి దగ్గర. స్కౌట్లు ఎడమ చెయ్యి కలుపుతారు. వీడు పోయి వాళ్ల నానమ్మకు ఎడమ చెయ్యి చాపాడు. "ఎడమ చెయ్యి ఇచ్చుడేందిరా, బుద్ధి లేదా?" అని ఆమె దెబ్బ వేసినంత పని చేసింది. ఆఫ్రికాలో అశాంటి తెగ యోధులు ఎడమ చేతిలోని డాలు పక్కన పెట్టి, నిన్ను నమ్ముతున్నా అని ఆ చెయ్యి కలిపేవారని సార్ చెప్పిన కథ వీడు అప్పజెప్పాడు. "మనకు డాళ్లు లేవు, కుడి చెయ్యే ఇయ్యి" అంది. ఇప్పటికీ ఆమెకు కుడి చెయ్యే.

తాతతో అట్లా కాదు. మా మామయ్య ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కిన గీత కార్మికుడు. మోకు, ముత్తాదు మీద ప్రాణం పెట్టి బతికిన మనిషి. ఊరి నుంచి వచ్చినప్పుడు మనవడు మంచం కోడుకు క్లోవ్ హిచ్ అనే ముడి వేయలేక తంటాలు పడుతుంటే కాసేపు చూసి, తాడు తీసుకుని రెండు చుట్లు తిప్పి అట్లా లాగాడు. పడిపోయింది. "ఇది గుంజకు దూడను కట్టే ముడి. కానీ ఇదొక్కటే ఏస్తే దూడ గుంజుకుంటె జారుతది. మీద ఇంకో చుట్టు ఎయ్యాలె." మరుసటి ఆదివారం బాబు ఇదే సార్‌కు చెప్తే, నిజమే, కుదుపులు పడితే ఆ ముడి వదులైపోతుందని ఆయనా అన్నారట. ఆ వారమంతా తాత మాటే శాసనం.

స్కౌట్స్‌లో మొదటిదైన ప్రవేశ్ బ్యాడ్జి కోసం రోజుకొక మంచి పని చేసి డైరీలో రాయాలి. మా వాడి డైరీలో వరుసగా నాలుగు రోజులు "అమ్మకు సూదిలో దారం ఎక్కించాను" అనే ఉంది. అబద్ధం కాదు, నాకు చత్వారం మొదలైంది. అయినా నాలుగు రోజులా?

చరిత్ర కూడా చెప్తారు. 1907లో ఇంగ్లండ్‌లో ఇరవై మంది పిల్లలతో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పెట్టిన క్యాంపు, రెండేళ్లకే స్కౌటింగ్ బెంగళూరుకు రావడం, మొదట్లో మన పిల్లలను చేర్చుకోకపోవడం, ఎవరికి వాళ్లు వేరే సంఘాలు పెట్టుకోవడం, చివరకు 1950 నవంబర్ 7న అన్నీ కలిసి భారత్ స్కౌట్స్ కావడం. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్స్ కలిశాయి. "మనల్ని చేర్చుకోకపోతే మనమెందుకు చేరాలి?" అని పాప అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక దోసె పోశా.

నేను అసలు చెప్పాలనుకున్నది పద్మాక్షి గుట్ట హైక్ గురించి. బతుకమ్మలప్పుడు గుండం దగ్గరికి పోవడమే తప్ప ఆ గుట్ట వైపు చూసినదాన్ని కాదు. పెద్ద పిల్లలు ముందు పోయి దారి పొడవునా గుర్తులు పెడతారు. మా వాడి పెట్రోల్, అంటే ఏడుగురు పిల్లల జట్టు, అవి చూసుకుంటూ పోవాలి. తల్లిదండ్రులు వెనక రావచ్చు గానీ నోరు తెరవొద్దు. ఇది సార్ నన్ను చూసే చెప్పారు. అంతకు ముందు వారమే మా వాడు కర్రలు కడుతుంటే నేను విప్పి మళ్లీ కట్టి చీవాట్లు తిన్నాను.

దారి రెండుగా చీలిన చోట పచ్చని ఆకు రొట్టతో బాణం గుర్తు పెట్టారట. మేము వెళ్లేసరికి అక్కడ నాలుగు మేకలు. బాణం లేదు. ఆఖరి మేక నోట్లో రొట్ట ఇంకా కదులుతోంది. పిల్లలు వచ్చి నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. నాకేమో గుండం ఏ వైపో తెలుసు. నాలుక చివర దాకా వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నంత పని. ఒకడు ఎడమంటాడు, ఒకడు కుడంటాడు, ఒకడు మేకలనే అడుగుదామంటాడు. పది నిమిషాలు. అప్పుడు మా వాడు ఎడమ దారిలో పది అడుగులు నడిచి, వంగి చూసి అరిచాడు. రాళ్లతో పెట్టిన ఇంటూ గుర్తు. ఇటు రావొద్దని. మేకలు రాళ్లు తినలేదు కాబట్టి కుడి దారే.

చివర గుండం దగ్గర సున్నా, మధ్యలో చుక్క. ఆట అయిపోయింది, ఇంటికి పోయాను అని దాని అర్థం.

నిన్న బడి నుంచి వాడు షాపుకొచ్చే సమయానికి నేను లేను. కాజా బటన్ల కోసం చౌరస్తా దాకా పోయాను. తిరిగొచ్చేసరికి కటింగ్ టేబుల్ మీద పరిచి ఉన్న బ్లౌజు వెనక ముక్కపై, నా మార్కింగ్ చాక్‌తోనే, పెద్ద సున్నా, మధ్యలో చుక్క. నా కంటే ముందే ఆ బ్లౌజు తాలూకు ఆమె వచ్చి దాన్నే చూస్తోంది.

"అక్కా, నేను చెప్పింది పాట్ నెక్ కదా, మధ్యల ఈ చుక్కేంది?"