లింకన్ డాలర్ వచ్చింది: ఇర్వింగ్ (టెక్సస్) నుంచి నా నాణేల లెక్క, డిసెంబర్ 2010

2010 నవంబర్ 18న అబ్రహాం లింకన్ డాలర్ బిళ్ళ విడుదలైంది. థాంక్స్‌గివింగ్ సెలవులకు ముందే మా బ్యాంకు బ్రాంచ్‌లో నాకు రెండు రోల్స్ దొరికాయి. రోల్‌కి 25 బిళ్ళలు, కట్టింది సరిగ్గా 25 డాలర్లు. ఈ సేకరణలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ముఖవిలువ మీద ఒక్క సెంటు కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు. మింట్ (నాణేలు అచ్చేసే ప్రభుత్వ టంకశాల) వాళ్ళు ప్రత్యేకమైన కాగితం చుట్టి అమ్మే రోల్ 2010లో 30 డాలర్లు దాటింది, పోస్టేజీ వేరే. లోపల ఉండే బిళ్ళ మాత్రం ఒకటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2005 నాటి చట్టం ప్రకారం 2007 నుంచి ఏడాదికి నలుగురు అధ్యక్షుల చొప్పున, పదవిలో ఉన్న వరుసలోనే ఈ డాలర్లు వచ్చాయి. వాషింగ్టన్‌తో మొదలైంది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో ఒక గురువారం విడుదల. 2010లో ఫిల్మోర్, పియర్స్, బుకానన్, ఇప్పుడు లింకన్. అందరికీ బొరుసు వైపు స్వేచ్ఛా విగ్రహమే.

ఇక బ్యాంకు సంగతి. "కొత్త డాలర్లు ఉన్నాయా?" అని కౌంటర్‌లో అడిగితే దాదాపు ఎప్పుడూ లేవనే అంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరూ ఆర్డర్ పెట్టలేదు కాబట్టి రాలేదు. మనం కలవాల్సింది వాల్ట్‌కి డబ్బు తెప్పించే హెడ్ టెల్లర్‌ని. 2010లో ఒకే అధ్యక్షుడి బిళ్ళలు కలగలుపు లేకుండా ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) నుంచి బ్యాంకులకు వచ్చింది విడుదల తేదీకి అటూ ఇటూ కొద్ది వారాలే. అది దాటితే పాత సకాజవియాలు (అధ్యక్షుల వరుసకి ముందు వచ్చిన డాలర్ బిళ్ళలు), మాడిసన్లు, ఏవి ఉంటే అవి కలిసి వచ్చేవి. పైగా బ్రాంచ్ తెప్పించుకునేది పెట్టె లెక్కన: 40 రోల్స్, వెయ్యి డాలర్లు. ఒక్క మనిషికి రెండు రోల్స్ కావాలంటే మిగతా 38 వాల్ట్‌లో మూలుగుతాయి. హెడ్ టెల్లర్ ఎందుకు తెప్పిస్తుంది?

అందుకని నేను విడుదలకి రెండు మూడు వారాల ముందే వెళ్ళి, ఎన్ని రోల్స్ తీసుకుంటానో కాగితం మీద రాసిస్తాను. ఆఫీసులో, గుడిలో తెలిసినవాళ్ళని ముందే అడిగి ఉంచుతాను కాబట్టి ఆ లెక్క కాస్త పెద్దదిగానే ఉంటుంది. ఎన్ని చెప్పానో అన్నీ తీసుకుంటాను. మిగిలినవి అదే బ్రాంచ్‌లో మళ్ళీ డిపాజిట్ చేయను. ఈ రెండూ పాటిస్తే తర్వాతిసారి ఆవిడే ఫోన్ చేస్తుంది. ఊళ్ళో ఇంకో బ్యాంకులో ఖాతా లేనివాళ్ళకి రోల్స్ ఇవ్వమన్నారు, నేను అక్కడ అడగడం మానేశాను.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఒక చిక్కు ఉంది. మిసిసిపీ నదికి ఇటువైపు బ్యాంకులకి వచ్చేవి డెన్వర్ మింట్ బిళ్ళలు, అంచు మీద 'డి' గుర్తు. ఫిలడెల్ఫియా 'పి' కావాలంటే అటువైపు మనిషి ఉండాలి. మా అక్కావాళ్ళు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. బావగారు అక్కడ 'పి' రోల్ తీసుకుంటారు, నేను ఇక్కడ 'డి', చెరి సగం పోస్టులో మార్చుకుంటాం. వాళ్ళ రైలు టికెట్ మెషీన్ చిల్లరగా డాలర్ బిళ్ళలే ఇస్తుంది కాబట్టి, అప్పుడప్పుడు పాత సూజన్ ఆంథనీ డాలర్ బిళ్ళలు కూడా పంపుతుంటారు. చిన్నప్పుడు రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం గుర్తుంటే అది హైదరాబాద్ మింట్‌దని వెతుక్కునేవాళ్ళం కదా, ఇదీ అదే సరదా. ఇక్కడ మాత్రం సంవత్సరం, మింట్ గుర్తు రెండూ అంచు మీదే ఉంటాయి.

రోల్ విప్పాక నేను మొదట చూసేది ఆ అంచే. అక్షరాలు బిళ్ళ అచ్చయ్యాక వేరే యంత్రంలో పడతాయి. 2007లో కొన్ని వాషింగ్టన్ బిళ్ళలు ఆ యంత్రంలోకి వెళ్ళకుండానే నున్నటి అంచుతో బయటికి వచ్చేశాయి. జాన్ ఆడమ్స్‌లో అక్షరాలు రెండుసార్లు పడ్డవి ఉన్నాయి. నున్నటి అంచుది ఎవరైనా అమ్మజూపితే ముందు తూకం వేయండి: 8.1 గ్రాములు, అడ్డం 26.5 మిల్లీమీటర్లు. అరగదీసి అమ్మేవాటికి ఈ రెండూ తగ్గుతాయి. ఇక బొమ్మ పైకి పెట్టినప్పుడు అక్షరాలు నిటారుగా ఉన్నాయా, తలకిందులుగా ఉన్నాయా అన్నది కేవలం యాదృచ్ఛికం. దానికి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి. 2009 నుంచి 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అన్న నినాదం అంచు మీంచి బొమ్మ వైపుకి మారింది, అంచు మీద 13 నక్షత్రాలు వచ్చాయి.

దాచడం: మాంగనీస్ కలిసిన ఇత్తడి పూత కదా, వేలిముద్ర పడిందంటే కొన్నాళ్ళకి గోధుమరంగు మచ్చ తేలుతుంది. అంచు పట్టుకునే తీయాలి. ఇత్తడి బిందెలాగా చింతపండు పెట్టి తోమారా, ఆ బిళ్ళ సేకరణకి పనికిరాదు. అట్ట ఆల్బమ్‌లో అంచు కనపడదు, అందుకే నేను 26.5 కొలత గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్స్ వాడుతున్నాను. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, జిగురు పడుతుంది.

ఇప్పటికి వాషింగ్టన్ నుంచి లింకన్ దాకా 'డి'లో 16 మందీ పూర్తి. 'పి'లో ఫిల్మోర్ ఒక్కడు మిగిలాడు. లింకన్ పదహారో అధ్యక్షుడు కావడం మనవాళ్ళకి బాగా కలిసొచ్చింది. మొన్న స్నేహితుడి గృహప్రవేశానికి ఒక వంద నోటు, మిగిలిన బిళ్ళల్లోంచి వరుసగా 16 మంది అధ్యక్షుల్ని పెట్టి నూటపదహార్లు చదివించాం. వాళ్ళ నాన్నగారు భోజనాలయ్యాక ఒక్కొక్కటీ తీసి పేర్లు చదువుతూ కూర్చున్నారు. ఇలా చదివించాలనుకునేవాళ్ళకి ఇదే సమయం, ఇంకో అధ్యక్షుడు వచ్చేలోగా.

తర్వాతిది ఆండ్రూ జాన్సన్, 2011 ఫిబ్రవరి 17. జనవరి చివరి వారంలో టెల్లర్‌కి కాగితం ఇస్తాను. ఇర్వింగ్, కొప్పెల్ చుట్టుపక్కల ఎవరికైనా రోల్స్ కావాలంటే సంక్రాంతిలోపు చెప్పండి.